నాలుగు ఓట్ల విచారణ

1987 మార్చిలో జరిగిన మండలాధ్యక్ష ఎన్నికలో సంప్రదాయ పక్షం నూజివీడు తాలూకా శాఖ తన చరిత్రలో ఎన్నడూ ఎరగని ఫలితాన్ని సాధించింది. పోటీ చేసినవారు అయిదుగురు. పక్షం అభ్యర్థి ప్రభాకరరావుగారు ఆరో స్థానంలో నిలిచారు. అయిదో స్థానం చెల్లని ఓట్లకు దక్కింది.

పక్షాన్ని ఎరగనివారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. పాతది ఏదీ పోకూడదు, కొత్తది ఏదీ రాకూడదు అన్నది దాని మూల సిద్ధాంతం. తాలూకాలు రద్దయి మండలాలు వచ్చి రెండేళ్ళవుతున్నా పక్షం ఆ సంగతిని అధికారికంగా గుర్తించలేదు. అందుకే బోర్డు మీద ఇంకా తాలూకా శాఖ అనే ఉంది. కరణాలను తిరిగి నియమించాలని, కిలోలు ఎత్తేసి వీశెలు తేవాలని, కిలోమీటరు రాళ్ళు పీకి మైలురాళ్ళు పాతాలని ఏటా తీర్మానాలు చేసేది. మండలాన్నే గుర్తించనివారు మండలాధ్యక్ష పదవికి ఎందుకు పోటీ చేస్తున్నారని గిట్టనివారు అడిగారు. గెలిచాక ఆ ఆఫీసుకు వెళ్ళకుండా ఉండటానికని పక్షం జవాబు చెప్పింది. గెలిస్తే ఏమీ చేయబోమని మేనిఫెస్టోలోనే అచ్చు వేయించి, ఇచ్చిన మాట నిలబెట్టుకోగల పార్టీ తమదొక్కటేనని ప్రకటించుకుంది. దాని ఎన్నికల గుర్తు పడక కుర్చీ.

ప్రధాన కార్యాలయం నరసయ్యపాలెం. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే తారు రోడ్డు దిగి, గతుకుల బాట మీద రెండు మైళ్ళు పోతే మామిడి తోటల మధ్య వస్తుంది. కార్యవర్గ సభ్యులు ఇరవై ముగ్గురూ ఆ ఊరివాళ్ళే. మిగిలిన ఊళ్ళలో పక్షానికి అభిమానులు అసంఖ్యాకంగా ఉన్నారని చెప్పుకునేవారు. సభ్యులు మాత్రం లేరు.

పక్షం కార్యదర్శి సూర్యనారాయణగారు. ముప్ఫై ఏళ్ళు ఆ ఊరికి కరణం. ప్రభుత్వం కరణాల ఉద్యోగాలు రద్దు చేసిన రోజున ఆయన దస్త్రాలన్నీ అప్పగించి, రెండెకరాల చిన్న రసాల తోటా, అందమైన దస్తూరీ మాత్రం మిగుల్చుకుని ఇంటికి వచ్చారు. ఊరు ఆయన్ని కరణంగారూ అని పిలవడం మానలేదు. ఆ పిలుపు వినబడినంత కాలం ఫరవాలేదని, వినబడకుండా పోయే రోజు రాకుండా చూసుకోవాలని ఆయన పక్షంలో చేరారు. ఎవరు ఏం చెప్పినా తల ఊపి, ఎవరికి వారు ఈయన మావాడే అనుకునేలా రాయగలగడం ఆయన వృత్తి విద్య. ముప్ఫై ఏళ్ళలో ఒక్క గట్టు తగాదాలోనూ ఆయన్ని రెండు పక్షాల వాళ్ళలో ఒక్కరు కూడా తిట్టలేదు. తగాదాలు తీరనూ లేదు.

ఓట్ల లెక్కింపు రోజున బల్ల దగ్గర పక్షం ఏజెంటుగా కూర్చున్నది ఆయనే. నరసయ్యపాలెం పెట్టె విప్పి కట్టలు కట్టారు. పోలైనవి ఆరు వందల పదకొండు. గంప గుర్తు మీద స్వతంత్రంగా నిలబడిన కృష్ణవేణి కట్టలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయాయి. కుర్చీ గుర్తు మీద పడినవాటికి కట్ట కట్టడానికి రబ్బరు బ్యాండు అక్కర్లేకపోయింది. నాలుగు ఓట్లు.

ఇరవై ముగ్గురు సభ్యుల ఓట్లూ ఆ పెట్టెలోనే ఉన్నాయి. ఎన్నికల అధికారి జాలిగా సూర్యనారాయణగారి వంక చూసి, "మీ ఓటు వేరే ఊళ్ళో ఉందాండీ?" అని అడిగాడు. ఆయన ఉందనీ లేదనీ కాకుండా తల ఊపారు.

ఆయన ఓటు ఆ పెట్టెలోనే ఉంది. గంప కట్టలో ఉంది. అట్టపెట్టె చాటున నిలబడి ముద్ర చేతిలోకి తీసుకున్నంతవరకు ఆయనకు అలాంటి ఉద్దేశం లేదు. తీసుకున్నాక, తన చిన్న రసాలు ఆ గతుకుల బాట మీద ట్రాక్టరు తొట్టిలో ఎగిరెగిరిపడి నూజివీడు చేరేసరికి కమిలిపోయే సంగతి గుర్తొచ్చింది. కృష్ణవేణి ఆ బాటను కంకర రోడ్డు చేస్తానంది. చెయ్యి దానంతట అది గంప మీదకు పోయింది. ఇరవై ముగ్గురిలో ఒక్కడు తగ్గితే పక్షానికి ఏం లోటని సమాధానపడి, ఓటు మడిచి పెట్టెలో వేసి వచ్చేశారు.

ఇప్పుడు ఆ ఇరవై ముగ్గురిలో కనీసం పందొమ్మిది మంది అలాగే సమాధానపడ్డారని తేలింది.

పరాజయం తర్వాత పక్షం తక్షణమే ఆత్మపరిశీలన ప్రారంభించింది. ఎవరి ఆత్మను వారు కాక ఎదుటివారి ఆత్మను పరిశీలించడంతో పది రోజుల్లో రెండు వర్గాలు ఏర్పడ్డాయి. మొదటిది సోమయాజులుగారి వర్గం. ఆయన రిటైరైన తెలుగు పండితుడు, పక్షానికి సిద్ధాంతకర్త. జీపు ఎక్కి, మైకు పెట్టి, సినిమా పాట వరసలో కుర్చీ మీద పాట కట్టించి ప్రభాకరరావుగారు సంప్రదాయాన్ని భ్రష్టు పట్టించినందుకే ఓడిపోయామని ఈ వర్గం తేల్చింది. రెండోది ప్రభాకరరావుగారి వర్గం. పక్షానికి అధ్యక్షుడూ ఆయనే, నలభై ఎకరాల బంగినపల్లి తోట ఆయనది. ప్రచారానికి ఉన్న పన్నెండు రోజుల్లోనూ దుర్ముహూర్తాలు, వర్జ్యాలు తీసేసి సోమయాజులుగారు రెండున్నర రోజులు మాత్రమే మిగిల్చారని, ఆ రెండున్నర రోజులూ ఆయన గ్రాంథికంలో ప్రసంగించారని, జనం అది ఎవరి తద్దినమో అనుకుని నిశ్శబ్దంగా లేచి వెళ్ళిపోయారని ఈ వర్గం వాదన.

రెండు వర్గాలూ ఒకరినొకరు బహిష్కరించుకున్నాయి. పక్షానికి లెటర్‌హెడ్లు ఒక్క కట్టే ఉన్నాయి, కార్యదర్శీ ఒక్కడే ఉన్నాడు. సోమయాజులుగారు పంపిన బహిష్కరణ ఉత్తర్వు మీద సూర్యనారాయణగారు ఉదయం సంతకం పెట్టారు. ప్రభాకరరావుగారు పంపిన ఉత్తర్వు మీద మధ్యాహ్నం పెట్టారు, ఉదయం అవతలివాళ్ళకు సంతకం పెట్టినందుకు అందులో ఆయన పేరూ ఉంది. రెండూ చెల్లుబాటయ్యేవే. ఆ విధంగా గురువారం మధ్యాహ్నం మూడు గంటల నుంచి సోమవారం దాకా సంప్రదాయ పక్షంలో ఒకే ఒక్క సభ్యుడు మిగిలాడు. ఆయన సువర్ణరాజు మాస్టారు. ఈయన అవతలివాళ్ళ మనిషి అయివుంటాడని ఎవరికి వారు అనుకోవడం వల్ల ఆయన పేరు ఏ జాబితాలోకీ ఎక్కలేదు.

సువర్ణరాజుగారు ఊరి బడిలో పాతికేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైనవాడు. ఆదివారం ఆదివారం భార్య లేయాతో కలిసి సైకిలు మీద చర్చికి వెళ్ళివస్తాడు. పక్షంలో అన్ని మతాలవారూ ఉన్నారని చూపించవలసి వచ్చినప్పుడు, అన్ని మతాలకూ కలిపి ఆయన్ని ఒక్కణ్ణి చేర్చుకుని, సర్వమత ఉపాధ్యక్షుడని పేరు పెట్టి, గుమ్మం పక్కన కుర్చీ వేశారు. పాత వాచకాలు మార్చకూడదన్న తీర్మానం ఒకటి ఉందని తెలిసి ఆయన సంతోషంగా చేరాడు. చేరిన రోజున అందరూ ప్రమాణం చదివారు. నిజంగా చదివింది ఆయనొక్కడే. మిగతావారు పెదాలు కదిపారు.

పార్టీలో ఆయనొక్కడే మిగిలిన ఆ నాలుగు రోజులూ మాస్టారు రోజూ సాయంత్రం కార్యాలయానికి వచ్చి, తాళం తీసి, ఊడ్చి, ఎవరూ రాకపోతే కోరం లేదని పుస్తకంలో రాసి, తాళం వేసి వెళ్ళాడు.

సోమవారం నాడు రెండు వర్గాలూ రాజీకి వచ్చాయి. ఏప్రిల్ నడుస్తోంది. తోటల్లో కాయ ముదురుతోంది. ప్రభాకరరావుగారి తోటలోని పేకింగు షెడ్డులో సమావేశం పెట్టారు. ప్రభాకరరావుగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"సోదరులారా, ఓటమికి నేను భయపడను. ఓటమి మనకు కొత్త కాదు, కనుక అదీ ఒక సంప్రదాయమే. కానీ మన పెట్టెలో మనకు నాలుగు ఓట్లు రావడం విద్రోహం. ఆ విద్రోహి ఎవరో తేలాలి."

"విద్రోహి ఏకవచనమా, బహువచనమా అన్నది ముందు తేలవలెను," అన్నారు సోమయాజులుగారు.

వాగ్వాదం రాజుకునే లోపల పడమటి వైపు ఆకాశం నల్లబడి గాలి లేచింది. షెడ్డు రేకులు కొట్టుకున్నాయి. ఎక్కడో దబదబా కాయలు రాలుతున్న చప్పుడు. అధ్యక్షులవారితో సహా ఇరవై రెండు మంది ఎవరి తోటల వైపు వాళ్ళు పరుగెత్తారు. తోట లేని సువర్ణరాజుగారు ఎగిరిపోతున్న ఎజెండా కాగితాలు ఏరి, వాటి మీద ఇటికముక్క పెట్టాడు. పరుగెత్తుతూనే ప్రభాకరరావుగారు వెనక్కి తిరిగి, ఏకసభ్య విచారణ సంఘంగా కరణంగారిని నియమిస్తున్నట్టు ప్రకటించారు. ఈయన మావాడేనన్న ధీమాతో రెండు వర్గాలూ దాన్ని ఆమోదించాయి.

మర్నాటి నుంచి సూర్యనారాయణగారు షెడ్డులో ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించుకుని విచారణ మొదలుపెట్టారు. నేరస్థుణ్ణి పట్టుకోవలసిన బాధ్యత నేరస్థుడికే అప్పగించడం పరిపాలనలో కొత్తేమీ కాదు గనుక మొదట్లో ఆయన పెద్దగా ఇబ్బంది పడలేదు. ఒక్కొక్కరూ వచ్చారు. వచ్చినవారు వచ్చినట్టే కుర్చీకే వేశామని బల్ల గుద్ది చెప్పారు. ఆయన రాసుకున్నారు. రాసుకుని కలం మూత పెట్టగానే వాళ్ళు కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, "మనలో మాట కరణంగారూ," అన్నారు.

కోశాధికారి వెంకటేశ్వర్లు చెప్పిన మాట ఇది: "ప్రభాకరం ఎలాగూ గెలుస్తాడనుకున్నానండీ. మరీ ఎక్కువ మెజారిటీతో గెలిస్తే మనల్ని లెక్కచెయ్యడు కదా. అందుకని కాస్త తగ్గిద్దామని గంపకి వేశాను. ఒక్క ఓటేగా."

మెజారిటీ కాస్త తగ్గిద్దామనుకున్నవారు మొత్తం తొమ్మిది మంది తేలారు. కృష్ణవేణి భర్తతో పాలవాడుక ఉన్నవారు ఇద్దరు. రోడ్డు కావలసినవారు ఆరుగురు. వాళ్ళు రోడ్డు సంగతి చెబుతుంటే సూర్యనారాయణగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఇంకో ఇద్దరు తాము గంపకు వేసింది పొరపాటున అని, కళ్ళజోడు మార్చాలని చెప్పారు. ఇద్దరికీ కళ్ళజోళ్ళు లేవు.

సోమయాజులుగారు చివర వచ్చారు. ఆయన బూతులోకి అడుగుపెట్టిన క్షణానికి రాహుకాలం ప్రవేశించిందట. అట్టి సమయంలో స్వబుద్ధితో ఏ కార్యమూ చేయరాదు గనుక కళ్ళు మూసుకుని, ఇష్టదైవాన్ని స్మరించి, ముద్ర ఎక్కడ పడితే అక్కడ పడనిచ్చారు.

"ఎక్కడ పడిందండీ?"

"గంప మీద. అది భగవత్సంకల్పం. దానికి నేను బాధ్యుడను కాను."

ప్రభాకరరావుగారిని విచారించవలసిన పని లేదు. ఆయన ఓటు ఏమైందో సూర్యనారాయణగారు లెక్కింపు బల్ల దగ్గర కళ్ళారా చూశారు. తన ఓటు తనదేనని చరిత్రకు తెలియాలన్న ఉద్దేశంతో ఆయన కుర్చీ మీద ముద్ర వేసి, కింద సంతకం చేసి, తేదీ కూడా వేశారు. అధికారి దాన్ని పైకెత్తి చూపించి చెల్లని ఓట్లలో పడేశాడు.

సువర్ణరాజుగారి విచారణ రెండు నిమిషాల్లో ముగిసింది.

"కుర్చీకే వేశానండీ."

సూర్యనారాయణగారు రాసుకుని, కలం మూత పెట్టి, ఆగారు. మాస్టారు కుర్చీ ముందుకు జరపలేదు.

"మనలో మాట ఏమన్నా ఉందా మాస్టారూ?"

"ఏం మాటండీ?"

"అదే, కృష్ణవేణి మీ దగ్గర చదువుకున్న పిల్ల. నామినేషనుకి ముందు వచ్చి మీ కాళ్ళకి దణ్ణం పెట్టిందని అందరూ చూశారు."

"అవునండీ, చల్లగా ఉండమని దీవించాను. మంచి పిల్ల. గెలిస్తే రోడ్డు వేస్తుందని కూడా నాకు తెలుసు."

"మరి ఓటు?"

"పార్టీలో ఉన్నాను కదండీ," అన్నాడు మాస్టారు. ఇంకేదో చెబుతాడేమోనని సూర్యనారాయణగారు చూశారు. అంతే చెప్పి ఆయన లేచి నిలబడి, ఇక వెళ్ళవచ్చునా అన్నట్టు చూశాడు. లేయా ఓటు కూడా కుర్చీకేనని గుమ్మం దాటుతూ చెప్పాడు.

అప్పటికి రెండు ఓట్లు తేలాయి. మూడోది మర్నాడు దానంతట అదే దొరికింది. తోటల్లో కూలికి వచ్చే బుల్లెమ్మ, డెబ్భై ఏళ్ళ ముసలిది, చెట్టు కింద నడుం పట్టుకుని కూర్చుని ఆయన్ని ఆపింది.

"కరణంగారూ, ఆ కుర్చీ ఎప్పుడిస్తారండీ?"

"ఏ కుర్చీ?"

"ఓటేస్తే ఇస్తారన్న కుర్చీయేనండీ. గుడ్డది, వెనక్కి వాలేది. నడుంనొప్పికి బాగుంటదని వేశాను. గంప నాకు ఇంట్లో ఉంది కదండీ."

పక్షం సిద్ధాంతాన్ని అర్థం చేసుకుని ఓటు వేసిన ఒకే ఒక్క మనిషి ఈమేనేమో అనిపించి సూర్యనారాయణగారు తల వంచుకుని ఇంటికి వచ్చారు.

నాలుగోది దొరకలేదు. నాలుగు రోజులు వెతికారు. ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి, మాటల్లో పెట్టి అడిగారు. కుర్చీకి వేశామన్నవారందరినీ జాగ్రత్తగా వడపోస్తే ఒక్కరూ నిలబడలేదు. అయిదో రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర విస్తరి ముందు కూర్చుని కూడా వేళ్ళు మడుస్తుంటే, భార్య సౌభాగ్యలక్ష్మి మామిడికాయ పప్పు వడ్డిస్తూ ఏంటి లెక్క అని అడిగింది. చెప్పారు.

"నాలుగోది నాదండీ," అంది ఆవిడ.

"నీదా?"

"మీరేగా చెప్పారు కుర్చీకి వెయ్యమని. బూతుకి వెళ్ళేటప్పుడు కూడా గుమ్మంలో నిలబెట్టి రెండుసార్లు చెప్పారు, ఎడం పక్కన మూడో బొమ్మ అని." నెయ్యిగిన్నె అందుకుంటూ ఆవిడ కూడా వేళ్ళు మడిచింది. "మాస్టారొకటి, లేయా ఒకటి, బుల్లెమ్మదొకటి, నాదొకటి. నాలుగయ్యాయి. మీదుండాలిగా. అయిదు రావాలి కదండీ?"

సూర్యనారాయణగారు పప్పు కలుపుతున్నారు. కలిపినదాన్నే మళ్ళీ కలిపారు. ముప్ఫై ఏళ్ళ కరణీకంలో ఆయన ఎన్నో తనిఖీలు చూశారు. శిస్తు లెక్కలు చూసే జమాబందీకి వచ్చిన కలెక్టరు కూడా ఇలా ఒక్క అంకె మీద వేలు పెట్టలేదు.

"మీదేమైంది?" అంది ఆవిడ.

"రోడ్డు వేస్తానంది కదా," అన్నారు ఆయన విస్తరి వంక చూస్తూ.

ఆవిడ నెయ్యిగిన్నె కింద పెట్టింది. కోపం తెచ్చుకోలేదు. "రోడ్డు నాకూ కావాలండీ. ఆ గతుకుల్లో రిక్షా మీద నూజివీడు ఆస్పత్రికి నెలనెలా వెళ్ళేది నేనేగా. దిగేసరికి ఎముకలు ఏ కీలుకాకీలు ఊడినట్టుంటాయి. అయినా మీరు చెప్పారని కుర్చీకి వేశాను. ఆ ముక్క నాకూ చెప్పుంటే ఇద్దరం గంపకే వేసేవాళ్ళం కదా."

ఆయన పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

"వచ్చేసారి నాకేమీ చెప్పకండి," అని ఆవిడ మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం సూర్యనారాయణగారికి కునుకు పట్టలేదు. ఈలోగా రెండు వర్గాల నుంచీ విడివిడిగా కబుర్లు వచ్చాయి. ప్రభాకరరావుగారు గంపెడు బంగినపల్లి కాయలు పంపి, నివేదికలో సువర్ణరాజు పేరు రాస్తే ఏ గొడవా ఉండదని చెప్పించారు. సోమయాజులుగారు ఏమీ పంపకుండా అదే మాట చెప్పించారు. పంచాంగం నుంచి మైకు దాకా ఏ ఒక్క విషయంలోనూ కలవని రెండు వర్గాలు ఈ ఒక్క పేరు దగ్గర కలిశాయి. ఎలాగూ గుమ్మం పక్కన కూర్చునే మనిషి. బయటికి వెళ్ళడానికి దూరం తక్కువ.

పాత కరణం అయితే రెండు వర్గాలూ మెచ్చేలా, మాస్టారి పేరు ఉన్నట్టూ లేనట్టూ ఒక చక్కటి నివేదిక అల్లేవాడు. సూర్యనారాయణగారు అలాంటిదే మొదలుపెట్టారు కూడా. మూడు పేజీలు రాశాక వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినబడింది. ఆ మూడు పేజీలూ చింపేసి, ఒక్క పేజీ రాశారు.

మే మొదటివారంలో పేకింగు షెడ్డులోనే సర్వసభ్య సమావేశం జరిగింది. వరిగడ్డి పరిచిన పెట్టెల్లో సగం పండిన కాయల వాసన గుప్పుమంటోంది. సోమయాజులుగారి వర్గం తూర్పు వాకిలి నుంచి, ప్రభాకరరావుగారి వర్గం పడమటి వాకిలి నుంచి వచ్చి, వీపులు కలిసేలా కుర్చీలు వేసుకున్నారు. సువర్ణరాజుగారు ఉతికిన పంచె కట్టుకుని వచ్చి గుమ్మం పక్కన కూర్చున్నాడు. సూర్యనారాయణగారు లేచి నివేదిక చదివారు.

"నరసయ్యపాలెం పెట్టెలో పక్షానికి వచ్చిన ఓట్లు నాలుగు. వేసినవారు సువర్ణరాజు మాస్టారు, వారి భార్య లేయా, కూలి బుల్లెమ్మ, నా భార్య సౌభాగ్యలక్ష్మి. అధ్యక్షులవారి ఓటు సంతకం కారణంగా చెల్లలేదు. మిగతా ఇరవై ఒక్క మంది కార్యవర్గ సభ్యులు గంపకు వేశారు. ఆ ఇరవై ఒక్కరిలో నేనొకణ్ణి. కార్యవర్గంలో పక్షానికి ఓటు వేసినవారు సువర్ణరాజుగారు ఒక్కరే. ఇట్లు, సూర్యనారాయణ."

ఆయన కూర్చున్నారు. చాలాకాలం తర్వాత ఒళ్ళు తేలికగా అనిపించింది. ఇప్పుడు తిట్టేవాళ్ళు తిడతారు, కొట్టేవాళ్ళు కొడతారు, కరణంగారూ అని పిలవడం మానేస్తారు, మానేస్తే మానెయ్యనీ అనుకున్నారు.

వీపులు కలిపి కూర్చున్నవారు మెల్లగా మెడలు తిప్పి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెజారిటీ తగ్గిద్దామనుకున్న తొమ్మిది మందీ ఒకరినొకరు గుర్తుపట్టారు. అప్పుడు సోమయాజులుగారు లేచారు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి.

"సభ్యమహాశయులారా, ఈ నివేదికను మనము పరాభవముగా చదువరాదు. మన పక్షము పుట్టిన నాటి నుండి ఏ తీర్మానమునందైనను ఇరవై ఇద్దరము ఏకీభవించితిమా? పంచాంగము గురించి ఏకీభవించితిమా? మైకు గురించి ఏకీభవించితిమా? ఒకరితో ఒకరు సంప్రదింపకయే, ఎవరి ప్రేరణయు లేకయే, ఇరవై ఇద్దరము ఒకే దినమున ఒకే నిర్ణయమునకు వచ్చితిమి. మన అభ్యర్థి నెగ్గరాదని. అధ్యక్షులవారు సైతము తమ ఓటు తాము చెల్లకుండ చేసికొని ఈ నిర్ణయమునకు సహకరించిరి. ఇంతకు మించిన సంఘీభావము ఏ పక్షమునందు కలదు?"

ప్రభాకరరావుగారు లేచి నిలబడ్డారు. మొదట ఎర్రబడిన మొహం, తాను సహకరించినట్టు వినగానే నెమ్మదించింది. "నిజమే," అన్నారు. "చీలిపోయామనుకున్నాం. మనసులో ఒకటిగానే ఉన్నాం."

ఇద్దరూ కౌగిలించుకున్నారు. చప్పట్లు మోగాయి. కుర్చీలు ఎదురెదురుగా తిప్పుకున్నారు. చప్పట్లు సద్దుమణిగాక వెంకటేశ్వర్లు నెమ్మదిగా ఒక సందేహం వెలిబుచ్చాడు.

"మరి ఇరవై రెండు మంది ఒక మాట మీద ఉంటే, ఒక్కడు ఎదురుతిరగడం క్రమశిక్షణేనాండీ?"

అందరూ గుమ్మం వైపు చూశారు.

సువర్ణరాజుగారు లేచి నిలబడ్డాడు. సంజాయిషీ చెప్పుకోమన్నారు. ఆయన కాసేపు ఆలోచించాడు. పిల్లవాడు తప్పు చెప్పినా అందులో ఒప్పు ఏమన్నా ఉందేమోనని వెతికే అలవాటు ఆయనది.

"నాకు తెలియలేదండీ," అన్నాడు. "నాకెవరూ చెప్పలేదు."

"మాకు మాత్రము ఎవరు చెప్పిరి?" అన్నారు సోమయాజులుగారు. "చెప్పకయే గ్రహించువాడు సభ్యుడు."

పక్షం సమష్టి నిర్ణయానికి విరుద్ధంగా ఓటు వేసినందుకు సువర్ణరాజుగారిని ప్రాథమిక సభ్యత్వం నుంచి తొలగించాలని తీర్మానం పెట్టారు. చేతులు లేచాయి. సూర్యనారాయణగారు ఎత్తలేదు. ఏదో అనబోయి లేచారు కూడా. కానీ, ఏం సంగతి కరణంగారూ అని ప్రభాకరరావుగారు ప్రేమగా అడిగారు. కరణంగారూ అన్న ఆ పిలుపు చెవిన పడేసరికి, ఏమీ లేదండీ అనేశారు. కరణంగారు రాసుకునే పనిలో ఉన్నందున చెయ్యి ఎత్తలేదని, ఎత్తినట్టే భావించాలని సోమయాజులుగారు సర్దిచెప్పారు. ఆయన కూర్చుని, మినిట్సు పుస్తకంలో అందమైన దస్తూరితో ఏకగ్రీవంగా అని రాశారు.

ఉత్తర్వు తనే స్వయంగా పట్టుకెళ్ళి ఇస్తానని మాత్రం పట్టుబట్టారు. మర్నాడు ఉదయం ఎండ ఎక్కకముందే మాస్టారి ఇంటికి వెళ్ళారు. లేయా పీట వేసి మంచినీళ్ళిచ్చింది. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని ఉత్తర్వు మొదటి నుంచి చివరిదాకా చదివాడు. చెవి మీద నుంచి ఎర్ర పెన్సిలు తీసి, పార్టీ వ్యతిరేఖ అన్నచోట చుట్టూ సున్నా చుట్టి, పక్కన వ్యతిరేక అని రాశాడు.

"నేను చెయ్యి ఎత్తలేదు మాస్టారూ," అన్నారు సూర్యనారాయణగారు.

"రాసింది మీరేగదండీ. దస్తూరీ గుర్తుపట్టాను." ఆ మాటలో నిష్ఠూరం లేదు. పరీక్ష పేపరు ఎవరిదో చెప్పినట్టు చెప్పాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "నాదొక సందేహమండీ. పార్టీలోంచి తీసేశారు కాబట్టి, ఇకమీదట నాకు నచ్చినవాళ్ళకి ఓటు వేసుకోవచ్చునాండీ?"

సూర్యనారాయణగారు గ్లాసు కింద పెట్టారు. "దానికి బయటికెళ్ళడం ఎందుకు మాస్టారూ. మేమందరం లోపలుండే వేసుకున్నాం కదా."

"అది నాకు చేతకాదండీ," అన్నాడు మాస్టారు. కాస్త సిగ్గుపడుతున్నట్టు అన్నాడు.

సూర్యనారాయణగారు ఆ గతుకుల బాట మీద ఇంటికి వచ్చారు. ఆయన పక్షంలోంచి రాజీనామా చేయలేదు. అలాంటి ఉద్దేశంతో ఒక కాగితం రాసుకుని పెట్టె అడుగున దాచుకున్నారని మాత్రం తెలుస్తోంది. ఆ ఏడాది రసాలు బాగా కాశాయి. పక్షం అదే వేసవిలో ఐక్యతా మహోత్సవం జరుపుకుని, అభ్యర్థిని ఓడించడంలో చూపిన ఐకమత్యాన్ని భవిష్యత్తులోనూ కాపాడుకోవాలని తీర్మానించింది.

ఇదంతా చదివి నరసయ్యపాలెం వారిని చూసి నవ్వుకుంటున్న పాఠకమహాశయులకు పక్షం తరఫున ఒక మనవి. కిందటి ఎన్నికల్లో తాము ఎవరికి ఓటు వేశామని ఇంట్లో చెప్పారో, ఏ గుర్తు మీద ముద్ర వేశారో, ఆ రెండూ ఒకటే అయినవారెవరైనా ఉంటే, దయచేసి పూర్తి పేరు, చిరునామా కార్డు ముక్క మీద రాసి కార్యాలయానికి పంపగలరు. క్రమశిక్షణ సంఘం ఇంకా పనిచేస్తూనే ఉంది.